‘కాన్షస్, కోహెరెంట్’ అని రాసేస్తే సరిపోదు

మెడిసిన్, సైకియాట్రీ పీజీ డాక్టర్లందరికీ బిహేవియరల్ న్యూరాలజీ, అంటే మెదడు జబ్బుల వల్ల జ్ఞాపకం, మాట, ప్రవర్తన చెడటాన్ని చూసే విభాగంలో పోస్టింగ్ తప్పనిసరి చెయ్యాలి. కనీసం ఒక నెల. విజయనగరంలో ప్రాక్టీసు చేసే ఫిజీషియన్‌గా ఈ మాట గట్టిగా అంటున్నాను.

ఏ వార్డులోనైనా కేసు షీటు తీసి చూడండి. మొదటి లైను ఒకటే: ‘కాన్షస్, కోహెరెంట్’. అంటే స్పృహలో ఉన్నాడు, పొంతనగా మాట్లాడుతున్నాడు అని. పేరు అడిగారు, పేషెంటు చెప్పాడు, అయిపోయింది. చెయ్యీ కాలూ పడిపోతే సుత్తి పట్టుకుని రిఫ్లెక్సులన్నీ చూసే పీజీకి, జ్ఞాపకం, మాట, ప్రవర్తన చెడితే ఎలా పరీక్షించాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ‘వయసైపోయింది కదమ్మా, చాదస్తం’ అని బి కాంప్లెక్స్ రాసి పంపేస్తున్నారు.

ఆ చాదస్తం వెనక బీ12 లోపం ఉండొచ్చు. థైరాయిడ్ ఉండొచ్చు. ఎప్పుడో జారిపడినప్పుడు తలకి తగిలిన దెబ్బ వల్ల మెదడు మీద మెల్లగా చేరిన రక్తం ఉండొచ్చు. ఉద్దానం నుంచి వచ్చిన మనిషైతే కిడ్నీలు పాడై మతి తప్పుతూ ఉండొచ్చు. వీటన్నిటికీ చెయ్యగలిగింది ఉంది, కనిపెడితేనే.

ఇంకా బాధపెట్టేది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, మెదడు ముందు, పక్క భాగాలు మెల్లగా దెబ్బతినే జబ్బు. చాలామందికి 45, 65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది, మనిషే మారిపోతాడు. సిగ్గు పోతుంది, తీపి మీద యావ పెరుగుతుంది, ఇంట్లో చావు జరిగినా చలించడు. ఊళ్లో గాలి సోకిందంటారు, ఇంట్లో పొగరంటారు. డాక్టరు కూడా పేరు చెప్పలేకపోతే ఆ భార్య ఎవరితో చెప్పుకోవాలి?

ఈ పోస్టింగ్‌లో ముందు నేర్పాల్సింది ఇంటివాళ్లతో మాట్లాడటం. కోడలిని పక్కకి పిలిచి అడగాలి. అత్తగారి ఎదురుగా ఆవిడ నోరు విప్పదు. పొయ్యి మీద పాలు మర్చిపోవడం, సొంత వీధిలో దారి తప్పడం, అడిగిందే అడగడం, ఇవి ఎప్పటినుంచో ఆవిడకే తెలుసు. ఏ స్కానింగూ ఇది చెప్పదు.

తర్వాత పరీక్షలు. బడి మొహం చూడని మామ్మ చేతికి పెన్నిచ్చి గడియారం బొమ్మ గియ్యమంటే గియ్యలేదు. అది జబ్బు కాదు. ఆవిడని సంత లెక్క అడగండి, పైడితల్లమ్మ సిరిమాను పండగ ఎప్పుడో అడగండి. సీతంపేట వైపు నుంచి సవర మాట్లాడేవాళ్లు వస్తే పక్కన మాట తెలిసినవాళ్లు ఉండాల్సిందే. తెలుగులో పరీక్షలు లేవనడం కుదరదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఎప్పుడో తెలుగులో చేసి వాడింది. డిమెన్షియా ఉన్న 648 మందిని చూసి, ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది కూడా. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

‘మన దగ్గర స్పెషలిస్టులేరీ’ అంటారు. విశాఖ దూరమేం కాదు, మిగతాది వీడియో కాల్‌లో నేర్పొచ్చు. ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచెయ్యాలని 2020లోనే రూలు వచ్చింది. అందులో వారానికో రోజు మతిమరుపు ఓపీ పెట్టడానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు. ఒక గది, తలుపు, ఒక్కో పేషెంటుకి గంట టైము చాలు.

పీజీల ప్రాక్టికల్ పరీక్షలో ఇలాంటి కేసు ఒకటి లాంగ్ కేసుగా, అంటే పేషెంటుని పూర్తిగా పరీక్షించి చెప్పాల్సిన పెద్ద కేసుగా పెట్టండి. మార్కులుంటే ఈ ఏడాది నుంచే నేర్చుకుంటారు.