ముందు స్క్రూ, తర్వాతే మోటార్లు

పాత చిన్న లేత్‌ను (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే మెషీన్) ఇంట్లోనే సీఎన్‌సీగా, అంటే కంప్యూటర్‌తో నడిచేదిగా మార్చుకోవడంపై మీరు మంచి కథనం ఇచ్చారు. అయితే ముందు మోటార్లు, కంట్రోలర్ కొనమన్న సలహా మాత్రం నాకు నచ్చలేదు. అరిగిన స్క్రూతో క్రాస్ స్లైడ్‌లో (టూల్‌ను అడ్డంగా జరిపే భాగం) 0.05 మి.మీ. ప్లే, అంటే వదులు ఉన్నా, తిరిగే జాబ్ (చెక్కే ముక్క) డయామీటర్‌లో రెండు వైపులా కలిపి అది 0.1 మి.మీ. తేడాగా తేలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ వదులును (బ్యాక్‌లాష్) సరిచేస్తే చాలదు, కటింగ్ లోడ్‌కు స్లైడ్ ఆ ఖాళీలో కదులుతూనే ఉంటుంది. అందుకే మొదటి ఖర్చు బాల్ స్క్రూ (లోపల ఉక్కు గుండ్లు దొర్లే, వదులు చాలా తక్కువుండే స్క్రూ) మీదే పెట్టండి.

థ్రెడ్డింగ్ (మరలు కోయడం) గురించి అసలు రాయలేదు. జాబ్‌ను తిప్పే స్పిండిల్‌కు ఎన్‌కోడర్ (అది ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) లేకపోతే ప్రతి పాస్ ఒకే చోట మొదలవ్వదు, థ్రెడ్ పాడైపోతుంది. ఎన్‌కోడర్ ఉంటే లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ థ్రెడ్డింగ్ చక్కగా చేస్తుంది.

టూల్స్‌కు వస్తే, ఇంత తేలికైన మెషీన్‌కు 0.4 మి.మీ. నోస్ రేడియస్ (మొన గుండ్రదనం) ఉన్న సీసీఎంటీ రకం ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే, మార్చుకోగల కటింగ్ ముక్క) బాగుంటుంది. 0.8 పెడితే చాటర్ (కోసేటప్పుడు అదురు) వచ్చే అవకాశం ఎక్కువ. టూల్ మొన సరిగ్గా సెంటర్ హైట్‌లో (స్పిండిల్ మధ్యరేఖ ఎత్తులో) ఉండాలి, లేదంటే ఫేసింగ్‌లో (జాబ్ చివరి ముఖాన్ని చదును చేసేటప్పుడు) మధ్యన బొడిపె మిగులుతుంది. మన హైదరాబాద్‌లో బాలానగర్ లాంటి పారిశ్రామికవాడ ఉండగా మోటార్ బ్రాకెట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం ఎందుకు? డ్రాయింగ్ పట్టుకెళ్లి అక్కడే చేయించుకోండి.