గ్లాసులు లెక్కపెట్టుకుంటే స్టీరింగ్ పట్టుకోవచ్చా?

రవి: మూర్తి గారూ, బండి నడిపేవాడు చుక్క కూడా ముట్టొద్దని చట్టం అనలేదు. భారత చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరమంటుంది. ఆ గీత లోపల లెక్కగా తాగేవాడిని తప్పుపట్టడం దేనికి?

మూర్తి: సరే, లెక్కే వేద్దాం. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో ఆల్కహాలు సుమారు 20 గ్రాములు. ఖాళీ కడుపుతో ఒక్కసారే తాగితే 70 కిలోల మగవాడికి రక్తంలో ఆ అంకె 40 మిల్లీగ్రాములు దాటుతుంది. 55 కిలోల ఆడమనిషికి 60 కూడా దాటొచ్చు, ఒంట్లో నీటిపాలు తక్కువ కాబట్టి.

రవి: అందుకే 30 మిల్లీలీటర్లతో ఆపి, తిని, గంట ఆగమంటున్నాను.

మూర్తి: నిజంగా అక్కడ ఆగితే 20 చుట్టూ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ కొలిచి పోసేదెవరు? రెండోది వద్దనాల్సిన బుర్రలోకి మొదటిది అప్పటికే ఎక్కింది.

రవి: బీరైతే ఆ గొడవే లేదు కదా.

మూర్తి: 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములుంటుంది. 8 శాతం స్ట్రాంగ్ అయితే 40. అంటే ఒక్క సీసా రెండు పెద్ద పెగ్గులు!

రవి: బీరునీ విస్కీనీ ఒకే గాటన కడతారేంటండీ?

మూర్తి: ఒంటికి రెండూ ఆల్కహాలే.

రవి: పోనీ, ఊదుకునే మీటరు కొనుక్కుంటే?

మూర్తి: తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన మందుకి అంకె ఎక్కువొస్తుంది, కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. ఇరవయ్యో నిమిషంలో 25 చూపించిందని బయల్దేరావనుకో, పొట్టలో ఉన్నది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పతాక స్థాయికి రావడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. అంటే దారిలో గీత దాటుతావు. కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించని మీటరైతే ఆ 25నీ నమ్మలేం.

రవి: మీరు చెప్పేదంతా సరే. అర్ధరాత్రి ఆటో దొరకని చోట ఉన్నవాడు “అసలు తాగకు” అంటే వింటాడా? లెక్క నేర్పితే నాలుగు తాగేవాడు ఒకటితో ఆగుతాడు. ప్రాణాలు దక్కేది దానివల్లేనండీ.

మూర్తి: ఆ మాట కొట్టిపారేయలేను. నేననేది, ఆ లెక్క మొదటి గ్లాసుకి ముందే జరగాలని. తాళాలు ఎవరి దగ్గరుండాలో, ఇంటికెలా వెళ్లాలో అప్పుడే తేలిపోవాలి.

రవి: రాత్రి బండి వదిలేసి, పొద్దున తెచ్చుకుంటే?

మూర్తి: రాత్రి 11కి ముగించేసరికి 150 ఉందనుకో. గంటకి తగ్గేది సుమారు 15. కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టవు. పొద్దున 6కి ఇంకా 45 ఉంటుంది. సున్నాకి వచ్చేది 9కి. అది దాటాకే బండి తియ్యి.