నీలం మగ్గు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నీలం ప్లాస్టిక్ మగ్గు గారి సముఖానికి,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు బాల్కనీ నుంచి రాయునది ఏమనగా: తమరి దయవల్ల మా ఇంట్లో ఇంకో బిల్లగన్నేరు స్వర్గానికి వెళ్ళింది.

పొద్దున్న కాఫీ కన్నా ముందే తమరు దయచేశారు. పూజయ్యాక అత్తయ్యగారి చేతిలో మళ్ళీ దయచేశారు. బట్టలు ఉతికాక బకెట్లో మిగిలిన నీళ్ళు పారబొయ్యడం ఎందుకని పనమ్మాయి చేతిలోనూ వచ్చారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను వేల చెట్లు పడగొట్టిందన్న మాట నిజమే గానీ, దానికి వెళ్ళిపోవడం కూడా తెలుసు. తమరు రోజూ వస్తారు.

అసలు ఈ మొక్క ఎవరనుకున్నారు? పుట్టిల్లు మడగాస్కర్. ఇక్కడ భీమిలి దారిలో ఇసకలో, ఉప్పుగాలిలో, ఎవరి పలకరింపూ లేకుండా ఏడాది పొడుగునా పూస్తుంది. గోడ పగిలితే ఆ సందులోనే కాపురం పెడుతుంది. ఆకు చేదు, పైగా విషం. మేక కూడా వాసన చూసి పక్కకి పోతుంది. దీన్ని చంపాలంటే మామూలువాళ్ళ తరం కాదు, ప్రేమగా చూసుకునేవాళ్ళు కావాలి.

తమరి పనితనం నేను దగ్గరుండి చూశాను. మట్టి బురదవుతుంది. వేళ్ళకి గాలాడదు, బూజు పట్టి కుళ్ళుతాయి. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి ఆకులు వాలిపోతాయి. అప్పుడు ఎదురు ఫ్లాటు పిన్నిగారు చూసి, "ఏటమ్మా, మొక్క తలొంచీసింది, నీళ్ళెయ్యట్లేదా?" అంటారు. అంతే, తమరు పరుగున వస్తారు. నీళ్ళలో నిలబడి దాహంతో చచ్చిపోవడమంటే ఏమిటో మా బాల్కనీకి వస్తే చూపిస్తాను. తమరి తోడుదొంగ ఆ చిల్లు లేని పింగాణీ కుండీ. దాని మీద వేరే ఉత్తరం రాస్తాను.

కింద ఫ్లాటు మావయ్యగారి సంగతి మరో రకం. షుగరు తగ్గుతుందని పరగడుపున మా ఆకులు కోసుకుపోయి నములుతున్నారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు కూడా ఈ ఆకులో షుగరు మందే వెతికారు. తీరా చూస్తే ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోతున్నాయి. దాంతో దారి మారి 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటికొచ్చింది. దీన్లోంచే వచ్చిన విన్‌క్రిస్టిన్‌ని ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడుతున్నారు. అది డాక్టర్లు కొలిచి ఎక్కించే మందు. ఇడ్లీకి ముందు నమిలే తమలపాకు కాదని ఆయనకి చెప్పాను. "మీ తరానికి ఆకుల విలువ తెలీదు" అన్నారు.

సరే, ఉత్తర్వులు వినండి. అడుగున చిల్లులున్న మట్టి కుండీ తెచ్చాను. సగం ఎర్రమట్టి, సగం ఏటి ఇసక. కింద పళ్ళెం ఉండదు. ఎండ దండిగా పడే మూల చూసి పెట్టాను. పైమట్టిలో వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్ళు. టీ పొడి, బియ్యం కడుగు, ఆవు పేడ అంటూ విందులు కట్. ఎరువెక్కువైతే ఆకులే బలుస్తాయి, పువ్వులు మొహం చాటేస్తాయి. చిగుళ్ళు అప్పుడప్పుడు గిల్లితే గుబురవుతుంది. సన్నటి కాయలు ఎండితే నల్ల గింజలు వస్తాయి, వాటిని మట్టిలో కప్పి పెట్టాలి. మొలకెత్తేటప్పుడు వాటికి చీకటే ఇష్టం. అక్టోబరు వానల్లో కుండీని గోడవారకి జరిపే బాధ్యత నాది.

తమరిని తక్షణం బాత్రూముకి బదిలీ చేశాం. అక్కడ తమరి సేవలు అవసరం, పైగా చచ్చేవాళ్ళెవరూ లేరు.

ఇట్లు,
మూడో అంతస్తు కోడలు

తా.క.: బదిలీ సంగతి తెలిసిన వెంటనే అత్తయ్యగారు స్టీలు చెంబుని ఇన్‌ఛార్జిగా వేసేశారు.