సవరణ: సముద్రపు నాచు, కార్బన్, మన బోర్లు

పోయిన వారం సముద్రపు నాచు సాగు గురించి పెట్టిన పోస్టులో రెండు విషయాలు సరిచేయాలి.

"తినడానికి పెంచే నాచు కార్బన్‌ను శాశ్వతంగా దాచేస్తుంది" అని రాశాను. అది తప్పు. పెరిగేటప్పుడు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే మాట నిజమే. కానీ కోసి తిన్నాక, మన ఒంట్లో అరిగి, అందులో ఎక్కువ భాగం మళ్లీ గాలిలోకే పోతుంది. వేరుశనగ తిన్నా జరిగేది ఇదే. సముద్ర శాస్త్రవేత్తల వ్యాసాలు చదివాక తెలిసింది, రాయకముందే చదవాల్సింది.

అసలు మేలు వేరే ఉంది. మంచినీళ్లు, భూమి, ఎరువు లేకుండా తిండి పండుతుంది. పొలాల నుంచి, మురుగు కాలువల నుంచి సముద్రంలో చేరిన నైట్రోజన్, ఫాస్ఫరస్‌ను నాచు పీల్చుకుంటుంది. కోత కోస్తే అవీ నీటిలోంచి బయటికి వస్తాయి. అయితే ఏ రకం ఎక్కడ వేస్తున్నామో చూసుకోవాలి. తమిళనాడు తీరంలో తెప్పల మీద పెంచే కప్పాఫైకస్ బయటి నుంచి తెచ్చిన రకం. మన్నార్ సింధుశాఖలో కొన్నిచోట్ల అది పగడపు దిబ్బల మీదికి పాకింది.

ఇక రెండోది. ఆ పోస్టులో "నీళ్లు అక్కర్లేని పంట" అన్న మాట చూసి అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు రైతులు కొందరు విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. నేనన్నది మంచినీళ్ల గురించి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఉప్పు బోర్లలో అంత ఉండదు. ఫారం పాండ్‌లో ఈ నాచు పెరగదు. దయచేసి దీనికోసం ఎవరూ డబ్బు పెట్టకండి.