కచ్చతీవు మీద మామా అల్లుళ్ల వాదం

(రామేశ్వరం మరపడవల్ని శ్రీలంక నేవీ పట్టుకుందన్న వార్త మీద, చెన్నై కాశిమేడు చేపల రేవులో.)

మామయ్య: 1974లో కచ్చతీవు దీవిని శ్రీలంకకి ధారపోశారు చూడు, ఈ గోలంతా అక్కడే మొదలైంది.

అల్లుడు: తిడితే 1976ని తిట్టండి మామయ్యా. ఒకరి నీళ్లలో ఇంకొకరు వేటాడకూడదని లేఖలు రాసుకున్నది అప్పుడు. కచ్చతీవు 285 ఎకరాలు, తాగడానికి మంచినీళ్లు లేవు. అంతోనియార్ (సెయింట్ ఆంథొనీ) గుడి పండగకి తప్ప జనం పోరు. అది రేపు మన చేతికొచ్చినా మన పడవలు అక్కడ ఆగుతాయా? దాన్ని దాటి శ్రీలంక దీవి నెడుంతీవు దాకా పోతున్నాయి.

మామయ్య: తాతల నాటి నుంచి వేటాడిన నీళ్లురా! సింహళ నేవీకి తమిళుడంటే పడదు, అంతే.

అల్లుడు: తాతలు ట్రాలు వల వెయ్యలేదు. అది పెద్ద సంచి. మూతి విచ్చుకునుండటానికి రెండు పక్కలా బరువు పలకలు, కింది తాడుకి గొలుసు. ఇంజను లాగుతుంటే అడుగు గీరుకుంటూ పోతుంది. పాక్ జలసంధి దగ్గర చాలాచోట్ల పది మీటర్ల లోతు కూడా ఉండదు, కాబట్టి గడ్డి, రొయ్యపిల్ల, చేపపిల్ల అన్నీ సంచిలోకే. దారిలో సన్న వలలుంటే అవీ తెగుతాయి. ఆ వలలెవరివి? శ్రీలంకలోని జాఫ్నా, మన్నార్ తమిళ జాలర్లవి. అక్కడ అంతర్యుద్ధం నడిచినన్నాళ్లూ వాళ్లని సముద్రంలోకి సరిగా దిగనివ్వలేదు, ఆ ఖాళీలో మనవాళ్లు మరిగారు. 2009లో యుద్ధం ముగిశాక వాళ్లు అప్పుచేసి వలలు కొని దిగితే తెల్లారేసరికి చిరుగులు. 2017లో శ్రీలంక ట్రాలు వేట నిషేధించింది కదా, ఆ బిల్లు తెచ్చింది అప్పటి అక్కడి తమిళ ఎంపీ సుమంతిరన్. ఈ ముక్క చెన్నైలో ఏ మైకులోనూ వినబడదు.

మామయ్య: అయితే నేవీ తూటా తగిలి పోయినవాడు? ఓనరు ఒడ్డునే ఉంటాడు. జైలుకి పోయేది కూలికెళ్లినవాడు.

అల్లుడు: కాల్పులు తప్పే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మన నెల్లూరు తీరంలో జాలర్లు తమిళనాడు మరపడవల్ని పట్టి కట్టేస్తే మీరు ఎవరి పక్షం?

మామయ్య: అది వేరు!

అల్లుడు: ఏం వేరు?

మామయ్య: మనవాళ్ల వలలు తెగితే ఊరుకుంటారా మరి?

అల్లుడు: జాఫ్నావాళ్లూ అదే అంటున్నారు.

మామయ్య: సరే, రామేశ్వరంవాడు ఎక్కడ వెయ్యాలి? ఒడ్డుకి దగ్గర్లో ట్రాలరు వెయ్యకూడదంటుంది చట్టం. కాస్త ముందుకెళ్తే సరిహద్దు.

అల్లుడు: అందుకే 2017లో, ట్రాలరు వదిలేసి లోతు సముద్రంలో టూనా చేపల్ని గాలాలతో పట్టే పడవలు కొనుక్కునే పథకం పెట్టారు. అప్పట్లో పడవకి 80 లక్షలు. కేంద్రం సగం, రాష్ట్రం 20 శాతం, బ్యాంకు అప్పు 20, ఓనరు 10.

మామయ్య: అంటే ఎనిమిది లక్షలు చేతి నుంచి, పదహారు లక్షలు అప్పు. రాత్రి వేసి పొద్దున తిరిగొచ్చేవాణ్ణి వారాల తరబడి లోతు సముద్రంలో ఉండమంటే డీజిలెంత, ఐసెంత? ఐసు చాలకపోతే టూనా రంగు మారుతుంది, రేటు పడిపోతుంది. గాలం వెయ్యడం వాడికి నేర్పిందెవరు?

అల్లుడు: అక్కడ మీ మాటే నిజం. పాత ట్రాలరు వదిలించడం మీద పెట్టిన శ్రద్ధ, కొత్త వేట నేర్పడం మీద పెట్టలేదు.

మామయ్య: మరి వాడు కచ్చతీవు దాటక ఏం చేస్తాడు?