నడిచే సింహం, నిలబడిన నాన్న

నెల్లూరు విద్యారంగంలో ఈ వేసవిలో జరిగిన అతి ముఖ్యమైన సంస్కరణ గురించి ఏ పత్రికా ఒక్క ముక్క రాయలేదు. ఒక ప్రైవేటు స్కూలు వారు బెల్టు బకిల్ మీది సింహాన్ని మార్చారు. నిరుటి దాకా అది నిలబడి ఉండేది. ఈ ఏడాది నుంచి నడుస్తోంది. దాని నడక ఖర్చు, అంటే పిల్లవాడికి 380 రూపాయలు, తల్లిదండ్రులే పెట్టుకోవాలి. సింహం కుడివైపుకు నడుస్తోంది కాబట్టి అది ప్రగతికి గుర్తట. ఎడమకు నడిస్తే ఏమయ్యేదని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటే ఉంటే ఆ క్యూలో ఎందుకు నిలబడతాం?

మా తమ్ముడి కొడుకు యూకేజీ గట్టెక్కి ఒకటో తరగతికొచ్చాడు. పుస్తకాలు కొనడానికి తోడు రమ్మంటే వెళ్లాను. కౌంటరు స్కూలు సెల్లారులో ఉంది. పుస్తకాలు అక్కడే కొనాలి. అట్టలూ లేబుళ్లూ అక్కడే. ట్రంకు రోడ్డులో బేరమాడి తెచ్చుకోగలిగిన తెల్లబూట్లు కూడా అక్కడే, బేరం లేకుండా.

మా ముందు కోవూరు వైపు రైతు ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో పెద్దకొడుకు పాత బెల్టు.

“ఇది ఉండాదమ్మా. చిన్నోడికి ఇదే కడతాం. బెల్టొక్కటీ తీసెయ్.”

కౌంటర్లో అమ్మాయి బకిల్ చూసింది. “ఇది నిలబడిన సింహం సార్. ఈ ఇయర్ నడిచే సింహం. ఇది ఎలౌ చెయ్యరు.”

ఆయన బెల్టును ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు. “కాలు కదిలినట్టే ఉంది, చూడు తల్లీ.”

అమ్మాయి ధర్మసంకటంలో పడి సూపర్‌వైజర్ని పిలిచింది. ఆయన కళ్లజోడు పైకి లాక్కుని, సింహం పాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి తీర్పు చెప్పాడు. “నాలుగు కాళ్లూ నేల మీదే ఉన్నాయి. నిలబడిందే.”

వెనకనుంచి ఒక అవ్వ న్యాయమైన సలహా ఇచ్చింది. “తిరగేసి కట్టుకుంటే సింహం లోపలికి పోద్ది గదా నాయనా, ఎవరు చూడొచ్చారు?” లోగో కనిపించి తీరాలని, రోజూ ప్రేయర్‌లో పీఈటీ సారు చెక్ చేస్తారని జవాబొచ్చింది. ఇంతలో మా తమ్ముడికి ఒక సాంకేతిక సందేహం కలిగింది. పిల్లవాడి నిక్కరుకు ఎలాస్టిక్ ఉంది, బెల్టు దూర్చడానికి లూపులు లేవు. మరి బెల్టు దేన్ని పట్టుకుంటుంది? “దేన్నీ పట్టుకోదు సార్, షర్టు మీద పెట్టుకోవడమే” అంది ఆ అమ్మాయి. ఆ సెల్లారులో ఆ రోజు విన్న నిజం అదొక్కటే.

గొడవ పెరుగుతోందని టై కట్టుకున్న అకడమిక్ కోఆర్డినేటర్ మెట్లు దిగి వచ్చారు. నిలబడిన సింహం నాలెడ్జ్ అట. నడిచే సింహం అప్లయిడ్ నాలెడ్జ్ అట. జనం నిశ్శబ్దంగా విన్నారు. ఒక నాన్న తల కూడా ఊపాడు. కోవూరు రైతు పాత బెల్టు జేబులో పెట్టుకొని డబ్బులు తీశాడు. మా తమ్ముడు రెండు కొన్నాడు, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని.

దీన్ని మన కొలతల్లో చెప్పుకుందాం. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. 2025-26లో మామూలు రకం వడ్లకు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. పుట్టికి 20 వేల పైన పడుతుంది, ఆ ధరకు కొనే పుణ్యాత్ముడు కళ్లంలోకి వస్తే. మా తమ్ముడి ఫీజు కార్డు ప్రకారం ఒకటో తరగతి రెండున్నర పుట్లు. వ్యాను ఇంకో అరపుట్టి. బెల్టు పదహారు కిలోలు. ఈ మూడు పుట్లలోనే ఐఐటీ ఫౌండేషన్ కూడా కలిసి ఉంది. మావాడికి ఆరూ తొమ్మిదీ ఇంకా తారుమారవుతున్నాయి గానీ ఐఐటీకి మాత్రం పునాది పడిపోయింది.

సర్కారు బడిలోనూ బెల్టు ఇస్తారు. నిజం. కిట్టులో యూనిఫాం గుడ్డ, బ్యాగు, పుస్తకాలు, బూట్లు, సాక్సులతో పాటు బెల్టూ ఉంటుంది, పైసా తీసుకోరు. ఆ కిట్టు నిన్నటిదాకా జగనన్న విద్యా కానుక, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. సర్వేపల్లి అంటే మన వెంకటాచలం మండలం ఊరే కాబట్టి పేరు విషయంలో జిల్లావాసిగా నాకు అభ్యంతరం లేదు. పేరుతో పాటు రంగులూ మారాయి. ప్రైవేటులో కరస్పాండెంటుకు ఆలోచన వస్తే బెల్టు మారుతుంది, సర్కారులో ముఖ్యమంత్రి మారితే మారుతుంది. రెండోది కనీసం ఐదేళ్లు ఆగుతుంది.

మధ్యాహ్నం అన్నం, కోడిగుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా అక్కడే. ఇవన్నీ కాదని మనం పిల్లల్ని మూడు పుట్ల చదువుకు పంపిస్తాం. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో బిడ్డకు 13 వేలు పడ్డాయి. చెప్పింది 15 వేలు, అందులో 2 వేలు బడుల నిర్వహణకు పట్టుకున్నారు. ప్రైవేటులో చదివే పిల్లల తల్లులకూ ఇచ్చారు. వందనం తల్లికి, దక్షిణ కరస్పాండెంటుకు. సర్కారు బడి నడిచేది మన పన్నుతో, దాన్ని వదిలిపోవడానికి దారిఖర్చు ఇచ్చేదీ మన పన్నుతోనే.

ఫీజులకు కళ్లెం వేద్దామని ఒకసారి ప్రయత్నం జరిగింది. 2021 ఆగస్టులో జీవో 53 వచ్చింది. కార్పొరేషన్ పరిధిలో ప్రైమరీకి ఏడాదికి 12 వేలు, హైస్కూలుకు 18 వేలు మించకూడదంది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. సింహం అప్పట్నుంచి నిశ్చింతగా ఉంది.

“ఎంతైనా ప్రైవేటులో టీచర్లు బాగా చెప్తారు” అంటారు. ఎవరా టీచర్లు? బీఈడీ చేసి, టెట్ రాసి, డీఎస్సీలో ఒకటి రెండు మార్కులకు పోగొట్టుకున్న అమ్మాయిలు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు లక్షల మంది పోటీపడ్డారు. నెగ్గినవాళ్లు సర్కారు బడికి వెళ్లారు. మనం నెగ్గినవాళ్ల దగ్గర్నుంచి పిల్లల్ని తప్పించి, వచ్చే డీఎస్సీకి చదువుకుంటున్న వాళ్ల చేతిలో పెట్టి, ఆ తేడాకు ఫీజు కడుతున్నాం.

ఆ అమ్మాయిల జీతం ఎంతో తెలిస్తే మూడు పుట్లు ఎటు పోతున్నాయో ఆరా తీయాలనిపిస్తుంది. మే నెలలో, రోహిణి ఎండలో, నెల్లూరు వీధుల్లో పాంప్లెట్లు పట్టుకొని గడపగడపా ఎక్కే చున్నీ కప్పుకున్న ఆడపిల్లలు వాళ్లే. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జూన్‌లో ఉద్యోగం. ఫిబ్రవరిలో ఫీజు బాకీల జాబితా కూడా వాళ్ల చేతికే ఇస్తారు. పేర్లు చదివి, ఆ పిల్లల్ని వరండాలో నిలబెట్టమంటారు. ఏడేళ్ల పిల్ల ఎందుకు నిలబడాలి? బాకీ ఉన్నది అదా? పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతూనే ఉంది, 2010 ఏప్రిల్ నుంచి. పదో తరగతి హాల్‌టికెట్ బిగపట్టుకొని బేరమాడేవాళ్లకు ఆ సెక్షన్ ఎవరైనా చదివి వినిపించారా? వడ్డీ వ్యాపారి కూడా అప్పు తీసుకున్నవాడి గొంతు మీదే కూర్చుంటాడు, వాడి బిడ్డను వీధిలో నిలబెట్టి ఊరికి చూపించడు. ఇది సిగ్గులేని పని. ఆ వరండా పక్కనుంచే మన పిల్లల చేయి పట్టుకొని, “మనది కట్టేశాంలే” అనుకుంటూ గేటు దాటే మనకూ అందులో వాటా ఉంది.

సర్కారు బడిని నెత్తిన పెట్టుకోవడానికీ నేను సిద్ధంగా లేను. ఐదు తరగతులకు ఒక్కరే టీచరున్న బళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం కూడా బోధనలో భాగమైంది. కానీ బడి బాగున్నా జనం రారన్నది అబద్ధం. భక్తవత్సల నగర్‌లోని కేఎన్ఆర్ మున్సిపల్ హైస్కూలు కొన్నేళ్ల కిందట సీట్లు లేవని బోర్డు పెట్టాల్సి వచ్చింది. వీఆర్ హైస్కూలును 2025లో బాగుచేసి తెరిస్తే ఊరంతా చూడటానికి వచ్చింది. అక్కడ సీటుకు సిఫారసు అడిగినవాళ్లలో సర్కారు బడంటే మూతి ముడిచే మావాళ్లూ ఉన్నారు.

మొన్న మా వీధికి మున్సిపల్ బడి హెడ్మాస్టరు గారు వచ్చారు. పిల్లల్ని మా బడికి పంపించండమ్మా, అన్నీ ఉచితం, మంచి టీచర్లున్నారు అని ఓపిగ్గా చెప్పారు. మా ఎదురింటి వదిన అంతా విని, “మీ పిల్లలు ఏ స్కూల్లో సార్?” అంది.

ఆయన రిజిస్టరు మూశారు. “ఎండ బో ఎక్కువగా ఉందమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తారా?”