చౌరస్తా నుంచి చూస్తే నెట్‌స్కేప్ ఓటమి వేరు

బ్రౌజర్ల చరిత్ర రాసేవారు దాన్ని ఎక్కువగా రెండు కంపెనీల కుస్తీగానే చెబుతారు. 1994 చివర్లో నెట్‌స్కేప్ నావిగేటర్ వచ్చింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను బరిలోకి దించింది, తర్వాత దాన్ని విండోస్‌లోనే కలిపేసి ప్రత్యర్థిని పడగొట్టింది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కోర్టుకెక్కింది. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ 2000 ప్రాంతంలో హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక ఇంటర్నెట్ సెంటర్లో రెండేళ్లు కౌంటర్ చూసుకున్న నాకు ఇది సగం కథే అనిపిస్తుంది. ఒకే ఫోను లైనును ఆరు కంప్యూటర్లు పంచుకునే చోట, గంటకు 40 రూపాయలు కట్టి కూర్చున్న కుర్రాడికి మంచి బ్రౌజర్ అంటే లెక్క వేరు.

మొదట కాస్త వెనక్కి వెళ్దాం. టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్ ప్రయోగశాలలో తయారుచేసిన తొలి బ్రౌజర్‌తో పేజీలు చదవడమే కాదు, అక్కడికక్కడే రాయడం, దిద్దడం కూడా కుదిరేది. దాని లోపమల్లా, అరుదుగా దొరికే నెక్స్ట్ కంప్యూటర్ మీద తప్ప నడవకపోవడం. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా రాసిన మొజాయిక్ మామూలు విండోస్ కంప్యూటర్లలోకీ వచ్చింది, అక్షరాల మధ్యలోనే బొమ్మ చూపింది, జనాన్ని ఆకట్టుకుంది. రాసే సౌకర్యం మాత్రం ఆ దారిలో జారిపోయింది. దాని గురించి అప్పుడు ఎవరూ పెద్దగా బాధపడలేదు, నాకైతే అది తీరని నష్టంగానే తోస్తుంది.

మొజాయిక్ పేజీ అంతా చేరేదాకా ఆగమనేది. నెట్‌స్కేప్ ముందు అక్షరాలు పరిచి, బొమ్మలను తర్వాత ఒక్కొక్కటిగా నింపేది. నత్తనడక లైన్ల మీద ఇది చిన్న సంగతి కాదు. సైటు మనల్ని గుర్తుపెట్టుకునేలా చేసే కుకీలు, లావాదేవీలకు రక్షణనిచ్చే ఎస్ఎస్ఎల్, పేజీలకు కదలిక తెచ్చేందుకు 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రూపు కట్టిన జావాస్క్రిప్ట్ భాష, అన్నీ ఆ ఇంటి నుంచి వచ్చినవే. అయితే మా సెంటర్లో ఉన్న నాలుగో వెర్షన్ మాత్రం సహనానికి పరీక్ష. తెర మీది దాని కిటికీని కాస్త పెద్దది చేస్తే చాలు, చాలాసార్లు పేజీని మళ్లీ మొదటి నుంచి తెచ్చుకునేది. పేజీ రాసేవాళ్లు పట్టిక అయిపోయిందని చెప్పే గుర్తును, అంటే టేబుల్ ముగింపు ట్యాగును, మరిచిపోతే తెల్లటి తెర చూపి ఊరుకునేది. ఇంటర్ ఫలితాల రోజున హడావిడిగా తయారైన పేజీలు ఎలా ఉంటాయో చెప్పాలా? ఒక అమ్మాయి హాల్ టికెట్ నంబరు మూడుసార్లు కొట్టి, ఖాళీ తెర చూసి, ఫెయిలయ్యాననుకుని ఏడ్చేసింది. పక్క కంప్యూటర్లో ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే ఫస్ట్ క్లాస్. తప్పుడు రాతను సర్దుకుని చూపడం ఎక్స్‌ప్లోరర్ బలం. ఆ సర్దుబాటుకు అలవాటుపడి పేజీలు రాసేవాళ్లు ఇంకా బద్ధకస్తులయ్యారన్నదీ నిజమే, కానీ ఆ రోజు ఆ అమ్మాయికి దానితో పని లేదు.

చిన్న బ్రౌజర్ల సంగతీ చెప్పుకోవాలి. నార్వే నుంచి వచ్చిన ఒపెరా తొలి వెర్షన్లు ఒక్క ఫ్లాపీలో పట్టేవి. జి మీట నొక్కితే బొమ్మలు ఆగిపోయేవి, పేజీ పరుగెత్తేది. మా లైనుకు అదే సరైన జోడీ. కానీ మొదట డబ్బు కట్టమనేది, 2000 చివరి నుంచి ప్రకటనలు చూడమంది, అడిగి వాడిన కస్టమర్ ఒక్కరూ లేరు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన లింక్స్ అనే బ్రౌజర్‌కు అసలు బొమ్మలే తెలియవు. మన దేశంలో ఇంటర్నెట్ ఇచ్చిన ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ తొలినాళ్లలో విద్యార్థులకు ఇచ్చిన, అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతాల్లో అది తప్ప వేరే గతి లేదు, ఉన్న కాస్త వేగంలో అది చేసిన పని తక్కువేమీ కాదు.

అసలు తేడా తెలుగు దగ్గర వచ్చింది. అప్పటి మన పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. 1997లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్ ఆ ఫాంటును పేజీతో పాటే తెచ్చుకుని చూపే పద్ధతి పెట్టింది. నెట్‌స్కేప్‌కూ అలాంటిదే మరో పద్ధతి ఉండేది గానీ, దాన్ని పట్టించుకున్న తెలుగు సైట్లు నా కంట పెద్దగా పడలేదు. దాంతో నెట్‌స్కేప్‌లో తెరిస్తే వార్త బదులు పిచ్చి గుర్తులు వచ్చేవి, ఎక్స్‌ప్లోరర్‌లో గుండ్రటి తెలుగు కనిపించేది. సాయంత్రం పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకాయన నీలం రంగు ‘ఈ’ బొమ్మనే తెలుగు బొమ్మ అనేవారు. ఆయనకు నెట్‌స్కేప్‌ను ఓడించింది బిల్ గేట్స్ కాదు, దాని నిరక్షరాస్యత.

అయితే ఆ బలంలోనే పెద్ద లోపం దాగుంది. తెర మీద తెలుగు కనబడుతున్నా, కంప్యూటర్ లెక్కలో అవన్నీ రోమన్ అక్షరాలూ గుర్తులే. వాటి మీద తెలుగు ముసుగు వేసింది ఫాంటు. కాపీ చేస్తే చెత్త వచ్చేది. ఓరుగల్లు అని వెతికితే ఒక్క వార్తా దొరికేది కాదు. ప్రపంచ భాషల ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, గుణింతాలు, వత్తులు కూర్చే శక్తి విండోస్‌కు 2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటులతో గానీ రాలేదు. వచ్చాక కూడా సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టాలి, పెడితే అది విండోస్ సీడీ అడిగేది. (సీడీ ఎక్కడిదని మమ్మల్ని అడగకండి.) కాబట్టి ఎక్స్‌ప్లోరర్ ఆరులో తెలుగు బాగుందంటే ఆ ఘనత బ్రౌజర్‌ది కాదు, దాని కింద ఉన్న విండోస్‌ది. నెట్‌స్కేప్ వారసుడిగా 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ చాలా విషయాల్లో మెరుగే. కానీ పంక్తులు రెండు అంచులకూ సమంగా సర్దిన పేజీల్లో వత్తులు విడిపోయి కనిపించేవి, 2008లో మూడో వెర్షన్ దాకా ఆ బాధ తప్పలేదు. మరోవైపు పత్రికల సొంత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే జోడింపు ఫైర్‌ఫాక్స్‌కే వచ్చింది. ఆ మార్చిన రాతను నేను చదివింది పోతన ఫాంటులో. పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతన పేరే దానికి పెట్టారు.

ఎక్స్‌ప్లోరర్ అయిదులో పేజీ మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచుకునే వీలు ఉండేది. అలా ఫ్లాపీల్లో దాచి, తర్వాత సీడీకి ఎక్కించిన కొన్ని పేజీలను ఈ మధ్య క్రోమ్‌లో తెరిచి చూశాను. ఇంగ్లిషులో ఉన్న ఫలితాల పేజీ చెక్కుచెదరలేదు. మాస్టారు చదివి దాచమన్న కాకతీయ తోరణం వ్యాసం మాత్రం, మొదటి అక్షరం నుంచి చివరి దాకా, నెట్‌స్కేప్‌లో ఆ రోజు కనిపించిన పిచ్చి గుర్తులే.